జనాభాకు సెలవు లేదు

లురేన్ దేశం చరిత్ర చాలా చిన్నది. మొదట వచ్చినవాళ్ళు అక్కడి పక్షుల్ని తినేసి వెళ్ళిపోయారు. రెండోసారి వచ్చినవాళ్ళు చెరుకు నాటారు. మూడోసారి వచ్చినవాళ్ళు ఆ చెరుకు కొట్టడానికి నాలుగు దిక్కుల నుంచీ మనుషుల్ని ఓడల్లో తెచ్చి దింపి, ఎవరు ఏ జాతివాళ్ళో ఒక లావుపాటి పుస్తకంలో రాసుకున్నారు. వెళ్ళిపోయేటప్పుడు పంచదార పట్టుకుపోయారు, పుస్తకం వదిలేశారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పుస్తకమే రాజ్యాంగమైంది.

ఆ పుస్తకం ప్రకారం దేశంలో వందమందికి నలభై ఎనిమిది మంది భోజ్‌పురీలు, ఇరవై ఎనిమిది మంది ఆఫ్రికా నుంచి వచ్చిన క్రియోలులు, పదిహేడు మంది ముస్లింలు, నలుగురు చీనావాళ్ళు, ముగ్గురు తెలుగువాళ్ళు. ఏది పంచినా ఆ లెక్క ప్రకారమే పంచాలి. రేడియోలో గంటసేపు వార్తలుంటే అందులో తెలుగు వార్తలు ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు. పెద్ద తుపాను వచ్చిన ఏడు, తుపాను బయల్దేరిందని చెప్పేసరికి తెలుగు సమయం అయిపోయింది. ఎటు వస్తోందో భోజ్‌పురీలో విని తెలుసుకున్నారు. జాతీయగీతం ఏ భాషలో ఉండాలో నలభై ఏళ్ళయినా తేలలేదు కాబట్టి దానికి మాటల్లేవు. జనం లేచి నిలబడి, నోరు మూసుకుని రాగం మాత్రం తీస్తారు. అది విన్న విదేశీ అతిథులు ఈ దేశంలో ఏదో గొప్ప లోతు ఉందనుకుంటారు.

ఇందువల్ల ఎవరికీ పెద్ద బాధ లేదు. ఎండకీ వానకీ అలవాటుపడ్డట్టే జనం దీనికీ అలవాటుపడ్డారు. పోలినాయుడు కూడా అలాగే అలవాటుపడ్డవాడు, కంటికి పొర కమ్మేదాకా.

పోలినాయుడు ఉప్పుతిప్ప మీద లైట్‌హౌసు కాపలాదారు. ఉప్పుతిప్ప అనేది లురేన్ దేశానికి తూర్పు చివర, కాప్ రూజ్ అనే జాలరిపల్లె నుంచి మోటారుపడవలో గంటన్నర దూరంలో ఉన్న చిన్న లంక. తీరిగ్గా నడిచినా ఇరవై నిమిషాల్లో చుట్టిరావచ్చు. దాని మీద ఒక లైట్‌హౌసు, రెండు గదుల ఇల్లు, వాననీళ్ళ తొట్టి, ఐదు కొబ్బరిచెట్లు, ఒక మునగచెట్టు, పదకొండు కోళ్ళు, ఒక మనిషి. ఆరేళ్ళ కిందటి దాకా ఇద్దరు మనుషులు. భార్య సత్తెమ్మ పోయాక కూడా అతను పొద్దున్నే రెండు గ్లాసులు కడిగేవాడు. ఒకదాంట్లో టీ పోసుకుని, రెండోది బోర్లించి పెట్టేవాడు. ఎవరైనా పడవ దిగితే పనికొస్తుంది.

కుడికన్ను రెండేళ్ళుగా మసకబారుతూ వచ్చి ఇప్పుడు తెల్లగా మూసుకుపోయింది. ఎడమకంటికీ దగ్గరివి సరిగ్గా ఆనడం లేదు. దీపం అద్దాలు చేత్తో తడిమి తుడుస్తున్నాడు. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నాడు, నూట పన్నెండు. రాజధాని పోర్ట్ అమేలీలో సర్కారు ఆసుపత్రి వాళ్ళు ఇరవై ఆరు నెలలు వరసలో ఉంచి, చివరికి వచ్చే నెల పద్నాలుగున రమ్మని ఉత్తరం రాశారు. ఆ తేదీ తప్పితే మళ్ళీ వరస చివరికి పోవాలి. ఆలస్యమైతే పొర ముదిరిపోతుందనీ, తరవాత కోసినా చూపు వస్తుందని చెప్పలేననీ డాక్టరు ముందే చెప్పాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో పోలినాయుడు అడిగిన సెలవులు రెండే. ఇది మూడోది. పది రోజులు కావాలని రాసి, మంగళవారం సరుకుల పడవలో వచ్చే గాస్టన్‌ చేతికిచ్చాడు.

గాస్టన్ క్రియోలు. చిన్నప్పుడు చెరుకుతోటలో తెలుగు కూలీల ఇళ్ళ లైనుకి ఆనుకుని వాళ్ళ ఇల్లు ఉండేది కాబట్టి అతనికి తెలుగు బాగా వచ్చు. ముఖ్యంగా తిట్లు.

"పది రోజులేటి నాయుడూ, నెల రోజులు రాయలేకపోయావా," అన్నాడు. "ఎలాగూ కోసి ఇస్తారు."

మరుసటి మంగళవారమే జవాబు వచ్చింది. వచ్చింది లైట్‌హౌసుల శాఖ నుంచి కాదు. జాతీయ సమతూక మంత్రిత్వశాఖ నుంచి. గాస్టన్ చదివి వినిపించాడు.

"పైన ఉదహరించిన మీ దరఖాస్తును ప్రభుత్వము వారు పరిశీలించియున్నారు. ఉప్పుతిప్ప యొక్క మొత్తం జనాభా ఒకటి అయియున్నందున, సదరు జనాభా తామే అయియున్నందున, జనాభాకు సెలవు మంజూరు చేయు నిబంధన ఏదియు అమలులో లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

"ఇంకోసారి చదువు," అన్నాడు పోలినాయుడు.

గాస్టన్ ఇంకోసారి చదివాడు. రెండోసారీ అలాగే ఉంది.

గాస్టన్ చెప్పిన సంగతేమిటంటే, ఉప్పుతిప్ప చుట్టూ సముద్రంలో చేపలు బాగా పడతాయి. ఒక పెద్దదేశం వాటి మీద కన్నేసి, అసలు ఉప్పుతిప్ప దీవే కాదు, ఉత్త బండ అని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో దావా వేసింది. బండ అయితే దాని చుట్టూ కాసిన్ని నీళ్ళే లురేన్‌వి అవుతాయి. మనుషులు కాపురముండే దీవి అయితే రెండువందల మైళ్ళ సముద్రం అవుతుంది. ఇంకో పెద్దదేశం న్యాయం కోసం లురేన్ పక్షాన నిలబడింది. దానికీ చేపలు కావాలి. ఇప్పుడు ముగ్గురు న్యాయమూర్తులు వచ్చేనెలలో ఏదో ఒకరోజు, ముందుగా చెప్పకుండా, లంక మీద మనుషులున్నారో లేరో చూసిపోతారు. అప్పుడు పోలినాయుడు లేకపోతే రెండువందల మైళ్ళ సముద్రం పోతుంది.

"అంత సముద్రం నా మీద ఆధారపడి ఉందా," అన్నాడు పోలినాయుడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరూ అతనికి ఈ మాట చెప్పలేదు.

ఆ వారంలోనే మంత్రిత్వశాఖ సంయుక్త కార్యదర్శి జగేశ్వర్ బక్తావర్ స్వయంగా వచ్చాడు. నలభై ఐదేళ్ళ మనిషి. మెడలో టై, టై మీద ప్రాణరక్షక జాకెట్టు, చంకలో ఫైలు. దారిపొడుగునా వాంతులు చేసుకుంటూ వచ్చాడు. రేవు మెట్ల మీద నిలబడి, ఊపిరి తీసుకుని, అధికార స్వరంతో అడిగాడు.

"ఉప్పుతిప్ప జనాభా తమరేనా?"

"నేనే బాబూ. మెట్టు చూసుకోండి, నాచు పట్టింది."

పోలినాయుడు ఉప్పు వేసిన నిమ్మనీళ్ళు బోర్లించిన గ్లాసులో పోసి ఇచ్చాడు. బక్తావర్ మొహానికి కాస్త రంగు వచ్చాక ఫైలు విప్పాడు.

"ఒక తీవ్రమైన విషయం మా దృష్టికి వచ్చింది. ఈ దీవిలో తెలుగువారి శాతం నూరు. జాతీయ సగటు మూడు. అనగా ఇక్కడ ఒకే వర్గం సంపూర్ణ ఆధిపత్యం చెలాయిస్తున్నది."

"నేనెవరి మీదా పెత్తనం చెయ్యలేదు బాబూ. కోళ్ళ మీద తప్ప."

"న్యాయమూర్తులు వచ్చి చూస్తే ఏమనుకుంటారు? బహుళ సంస్కృతుల దేశమని ప్రపంచమంతా చెప్పుకుంటున్నాం. తీరా చూస్తే ఒక ప్రాంతంలో నాలుగు వర్గాలకు చోటే లేదు."

"నాకు కంటి ఆపరేషనుంది బాబూ, పద్నాలుగున. ఆ పదిరోజులూ నా బదులు ఎవర్నైనా పంపండి. ఏ వర్గమైనా సరే, దీపం వెలిగించడం వస్తే చాలు."

బక్తావర్ జాలిగా చూశాడు.

"అంత తేలిక అయితే మంత్రిత్వశాఖ ఎందుకు? ఒక్కరిని పంపితే ఆ ఒక్కరు ఏ వర్గం? మిగతా నాలుగు వర్గాలు ఊరుకుంటాయా? ఐదుగురిని పంపితే మూడు శాతం వారికీ నలభై ఎనిమిది శాతం వారికీ సమాన ప్రాతినిధ్యం ఇచ్చినట్లవుతుంది, అది రాజ్యాంగ విరుద్ధం. నిష్పత్తి చెడకుండా కనీసం ఒక్క తెలుగు వ్యక్తి ఉండాలంటే మొత్తం ముప్ఫై ముగ్గురిని పంపాలి."

"ముప్ఫై ముగ్గురు వారంలో తొట్టి ఖాళీ చేసేస్తారు బాబూ. తరవాత వాన పడాల్సిందే."

"అందుకే," అని బక్తావర్ ఒక కాగితం తీశాడు, "ప్రభుత్వము వారు మధ్యేమార్గం ఆలోచించారు. ఉన్న జనాభానే నిష్పత్తి ప్రకారం విభజించడం."

ఆ కాగితం ప్రకారం పోలినాయుడు సోమవారం మొదలుకుని గురువారం పొద్దున్న ఎనిమిదిన్నర దాకా భోజ్‌పురీ. అక్కణ్ణుంచి శనివారం పొద్దున్న ఏడూ నలభై దాకా క్రియోలు. ఆదివారం మధ్యాహ్నం దాకా ముస్లిం. సాయంత్రం ఏడు దాకా చీనావాడు. ఆదివారం ఏడు నుంచి అర్ధరాత్రి పన్నెండు దాకా తెలుగువాడు. ఐదు గుర్తింపు కార్డులు కూడా తెచ్చాడు. ఫోటో ఒకటే. ప్రతి కార్డు వెనకా 'సదరు వేళల్లో మాత్రమే చెల్లును' అని ముద్ర.

"మరి నా కంటి సంగతి?"

"మిక్కిలి సానుభూతితో కూడిన పరిశీలనలో ఉన్నది," అన్నాడు బక్తావర్. పడవ ఎక్కేముందు, కొంచెం గొంతు తగ్గించి, "ఇంకొక గ్లాసు నిమ్మనీళ్ళు దొరుకుతాయా?" అని అడిగాడు. పోలినాయుడు సీసాలో పోసి ఇచ్చాడు.

పోలినాయుడు మళ్ళీ దరఖాస్తు రాశాడు. అది వేళకి అందాలని మంగళవారం తారీఖు వేశాడు. అదే పొరపాటైంది. మంగళవారం అతను భోజ్‌పురీ. 'ఈ దరఖాస్తు భోజ్‌పురీ వర్గం తరఫున అందినట్లు భావించి, మిగిలిన నాలుగు వర్గాల నుండి ఆక్షేపణలను ఆహ్వానించడమైనది. ఆక్షేపణలు లేనిచో ప్రతి వర్గమూ విడివిడిగా, తమ తమ వేళలలో, లిఖితపూర్వకంగా తెలుపవలెను' అని జవాబొచ్చింది. పోలినాయుడు గురువారం ఒకటి, శనివారం ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి రాసి నాలుగూ పంపాడు. నాలుగు చేతిరాతలూ ఒకేలా ఉన్నాయనీ, ఒక వర్గం మిగతా వర్గాల మీద ఒత్తిడి తెచ్చినట్లు అనుమానం కలుగుతున్నదనీ తిప్పి పంపారు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఐదు వర్గాలున్న చోట స్థానిక పాలన లేకపోవడం లోపమని ఎవరో గుర్తుచేశారు. ఉప్పుతిప్పకు గ్రామసభ మంజూరైంది. పోలినాయుడు ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడి మీద అదుపు లేకపోతే నియంతృత్వం వస్తుంది కాబట్టి, ఓడిపోయినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిని ప్రతిపక్ష నాయకుడుగా నియమించాలి. ఓడిపోయినవారెవరూ లేనందున, సున్నా ఓట్లు వచ్చిన వారందరిలోకీ అర్హత గల స్థానిక నివాసి అని, పోలినాయుణ్ణే నియమించారు. ప్రతిపక్ష నాయకుడికి ఒక కుర్చీ వచ్చింది, అధ్యక్షుడి కుర్చీ కంటే రెండు అంగుళాలు పొట్టి. పోలినాయుడికి అదే సుఖంగా ఉంది. పొద్దున్నే దాంట్లో కూర్చుని మునగాకు దూసుకునేవాడు.

గ్రామసభ వచ్చాక సెలవు వ్యవహారం సులువవుతుందనుకున్నాడు. అధ్యక్షుడి హోదాలో తనకి సెలవు ఇవ్వవచ్చని సిఫారసు రాశాడు. ప్రతిపక్ష నాయకుడి హోదాలో సమ్మతి తెలిపాడు. రెండూ కలిపి పంపాడు.

ఆపరేషనుకి ఇంకో పదిరోజులుందనగా బక్తావర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి సొంతంగా నిమ్మకాయ తెచ్చుకున్నాడు.

"ప్రతిపక్షం సమ్మతించినట్లు ఈ దేశచరిత్రలో పూర్వ నిదర్శనం లేదు," అన్నాడు. "ఈ కాగితం కూటసృష్టి అని పైవారి అభిప్రాయం."

"నేనే రాశాను బాబూ."

"అది నాకు తెలుసు. కాని తమరు ప్రతిపక్షంగా రాయలేదు. ప్రతిపక్షంగా రాస్తే వ్యతిరేకించి ఉండేవారు."

"వ్యతిరేకిస్తే సెలవు ఇస్తారా?"

"వ్యతిరేకిస్తే ఎలా ఇస్తారండీ," అన్నాడు బక్తావర్, మొదటిసారి మామూలు మనిషిలా.

పొట్టి కుర్చీ బక్తావర్‌కి ఇచ్చాడు పోలినాయుడు. వెళ్తూ వెళ్తూ బక్తావర్ అన్నాడు, "మా నాన్నగారికి కూడా ఇలాగే పొర వచ్చింది. చేయించేలోపే ముదిరిపోయింది." తరవాత తన మాట తనకే అధికారికంగా లేదనిపించి, ఫైలు సర్దుకుని, "ఈ వ్యాఖ్య రికార్డులోకి రాదు," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఎప్పట్లాగే గాస్టన్ పడవలో ఇద్దరు వచ్చారు. ఒకరు కాప్ రూజ్‌లో బట్టలు కుట్టే ఇద్రీస్ భాయ్. ఇంకొకరు అక్కడే కిరాణాకొట్టు నడిపే ఛోంగ్. ఈ ముగ్గురూ పోలినాయుడితో కలిసి ఇరవై ఏళ్ళుగా శనివారాలు డామినోలు, అంటే చుక్కల బిళ్ళల ఆట, ఆడుతున్నారు. ఇద్రీస్ భాయ్ మొక్కజొన్న రొట్టెలు తెస్తాడు. ఛోంగ్ ఎండు రొయ్యలు తెస్తాడు. పోలినాయుడు ములక్కాడలు వేసి చేపల పులుసు కాస్తాడు. గాస్టన్ ఏమీ తేడు, తెచ్చింది బాగా లేదని చెబుతాడు.

పోలినాయుడు ఆడాల్సిన బిళ్ళని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, వేలితో చుక్కలు తడిమి, ఐదు అనుకుని మూడు వేశాడు.

అతను ఓడిపోయే ఆట అది. ఇద్రీస్ భాయ్ తన దగ్గరున్న మంచి బిళ్ళని కింద పెట్టేసి, "నా దగ్గర లేదు, దాటిస్తున్నాను," అన్నాడు. ఇద్రీస్ భాయ్ ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ దాటించిన మనిషి కాదు.

గాస్టన్ బల్ల మీద చెయ్యేశాడు.

"ఇదేటి ఆట. నాయుడూ, ఆపరేషను ఎప్పుడు?"

"పద్నాలుగున. కుదరదురా. సముద్రం పోతుందట."

"సముద్రం ఎక్కడికీ పోదు, నేను రోజూ చూస్తున్నాను. నువ్వు పద. నిన్ను దింపేసి వస్తాను. మేం ముగ్గురం ఇక్కడుంటాం."

"మీకు కొట్లు, పనులు ఉన్నాయి కదరా."

"నా కొట్టు మా ఆవిడ చూస్తుంది," అన్నాడు ఛోంగ్. "నాకంటే బాగా చూస్తుంది. ఈ సంగతి ఆవిడే చెబుతుంది."

"మరి దీపం?"

"వెలిగించగలిగేది నువ్వొక్కడివేనా? మాకు చేతుల్లేవా?" అన్నాడు ఇద్రీస్ భాయ్. "మెట్లు ఎక్కడమే కష్టం. వంతులేసుకుంటాం."

"నిష్పత్తి..." అన్నాడు పోలినాయుడు.

దానికి గాస్టన్ తన తెలుగులోంచి ఒక మాట ఏరి అన్నాడు. అది ఇక్కడ రాయడానికి వీల్లేదు.

పన్నెండో తారీఖున పోలినాయుడు ఐదు కార్డులూ జేబులో పెట్టుకుని పడవెక్కాడు. ఆ వేళకి ఏ వర్గమని ఎవరైనా అడిగితే అది చూపించవచ్చు. కోళ్ళకి గింజలు ఎంత వెయ్యాలో, దీపం అద్దం ఏ గుడ్డతో తుడవాలో ముగ్గురికీ నాలుగుసార్లు చెప్పాడు. ఐదోసారి చెప్పబోతే గాస్టన్ ఇంజను ఆన్ చేశాడు.

ఆసుపత్రిలో ఎవరూ కార్డులు అడగలేదు. నర్సు రోజ్‌లీన్ పేరడిగింది, ఏ కన్నో అడిగింది, భోజనం తిన్నావా అని అడిగింది. మంచం నంబరు పద్నాలుగు. పద్నాలుగో తారీఖు పొద్దున్నే డాక్టరు పని ముగించి, కంటికి కట్టు కట్టి, నాలుగు రోజులు తల కదపకుండా పడుకోమన్నాడు. అంత సులువుగా అయిపోయినందుకు పోలినాయుడికి కొంచెం సిగ్గేసింది కూడా.

పదహారున గాస్టన్ చూడటానికి వచ్చాడు. మంచం అంచున కూర్చోగానే మంచం కిర్రుమంది.

"కదలకు, కదలకు. చెవులు పనిచేస్తున్నాయిగా, విను. నిన్న వచ్చేశారు."

"ఎవరు?"

"నీ జడ్జీలు. ముగ్గురు. వాళ్ళ వెనకాల నీ బక్తావర్. మేం బల్ల దగ్గర పోట్లాడుకుంటున్నాం. ఛోంగ్ దొంగాట ఆడాడు."

"ఛోంగ్ దొంగాట ఆడడు."

"నిన్న ఆడాడు. సరే, బక్తావర్ దిగుతూనే మెట్టు మీద జారి సముద్రంలో పడ్డాడు, టైతో సహా. లాగి ఒడ్డున వేశాం. నీ లుంగీ కట్టించి, పులుసు పోసి ఆ పొట్టి కుర్చీలో కూర్చోబెట్టాం. వణికిపోతూ తింటున్నాడు పాపం. జడ్జీలు కోళ్ళు చూశారు, తొట్టి చూశారు, ఇద్రీస్ భాయ్ మిషను చూశారు."

"మిషను కూడా తెచ్చుకున్నాడా?"

"పెళ్ళి ఆర్డరు ఉందట. ముసలి జడ్జి ఒకాయన, తెల్లగడ్డం, పులుసు రుచి చూసి రెండోసారి అడిగాడు. తరవాత మమ్మల్ని వేలితో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, లుంగీ కట్టుకున్న ఆయనతో నాలుగు. ఇక్కడ మనుషులు నిజంగానే కాపురముంటున్నారని అక్కడే రాసేశాడు."

"బక్తావర్ బాబు తను ఆ లంకవాడు కాదని చెప్పలేదా?"

"చెప్తే సముద్రం పోదూ? నోట్లో ములక్కాడ పెట్టుకుని కూర్చున్నాడు."

లురేన్‌కి రెండువందల మైళ్ళ సముద్రం దక్కింది. రాజధానిలో జనం వీధుల్లోకి వచ్చి జాతీయగీతం రాగం తీశారు. కిటికీలోంచి అది వినిపిస్తుంటే పోలినాయుడు కూడా పడుకునే నోరు మూసుకుని రాగం కలిపాడు. పక్కమంచం ఆయన నిద్ర చెడింది.

మర్నాడు ఉదయం నివేదిక మంత్రిత్వశాఖకు చేరింది. అందులో జనాభా నలుగురు అని ఉంది. క్రియోలు ఒకరు, ముస్లిం ఒకరు, చీనావారు ఒకరు, భోజ్‌పురీ ఒకరు. తెలుగువారు, సున్నా. మొన్నటిదాకా నూటికి నూరు శాతం ఉన్న వర్గం ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోయింది. ఇంతటి సామూహిక వలస దేశచరిత్రలో ఎన్నడూ జరగలేదని తెలుగు సంఘం వాళ్ళు మంత్రి ఇంటి ముందు కూర్చున్నారు. మధ్యాహ్నానికల్లా విచారణ సంఘం పడింది. సాయంత్రానికి ఆ సంఘం పద్నాలుగో నంబరు మంచం దగ్గరికొచ్చింది. ఐదుగురు సభ్యులు. వాళ్ళ వెనక బక్తావర్, జలుబుతో.

"నిర్భయంగా చెప్పండి," అన్నాడు సంఘం అధ్యక్షుడు. "మిమ్మల్ని మీ దీవి నుండి వెళ్ళగొట్టినవారెవరు?"

"ఎవరూ లేరు బాబూ. కన్ను చేయించుకుందామని వచ్చాను."

"బెదిరింపులేమైనా?"

"డాక్టరుగారు తల కదిపితే ఊరుకోనన్నారు."

అధ్యక్షుడు ఆ మాట రాసుకున్నాడు. "మీ ఇంటిని, వంటపాత్రలను, దుస్తులను ఇతర వర్గాలవారు స్వాధీనం చేసుకున్నట్లు మాకు సాక్ష్యం ఉన్నది."

"నేనే ఇచ్చాను బాబూ. తాళం కూడా ఇచ్చాను. పాపం ఆ లుంగీకి చిరుగుంది, వేరేది ఇవ్వాల్సింది."

బక్తావర్ దగ్గాడు.

"వారిని వెంటనే ఖాళీ చేయిస్తాము," అన్నాడు అధ్యక్షుడు.

"ఖాళీ చేయిస్తే జనాభా సున్నా అవుతుందండి," అని బక్తావర్ మెల్లగా గుర్తుచేశాడు. "సముద్రం."

ఐదుగురూ వరండాలోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడుకున్నారు. పోలినాయుడికి వాళ్ళ మాటలు వినబడలేదు. రోజ్‌లీన్ వచ్చి గంజి తాగించి, దిండు సరిచేసి, "మిమ్మల్ని ఎవరో ఊళ్ళోంచి తరిమేశారటగా తాతా, పాపం," అంది.

"లేదమ్మా. పడవలో దింపారు."

పద్దెనిమిదో తారీఖు పొద్దున్న డాక్టరు కట్టు విప్పాడు. ముందు వెలుతురు, తరవాత నీళ్ళు, తరవాత కిటికీ ఊచలు ఒక్కొక్కటిగా వచ్చి నిలబడ్డాయి. ఊచల మీద తుప్పు కనబడింది. తుప్పు ఇంత ఎర్రగా ఉంటుందని పోలినాయుడు మర్చిపోయాడు. డాక్టరు రెండు కళ్ళూ మార్చి మార్చి చూసి, కుడిది బాగా కుదిరిందన్నాడు. ఎడమదానికి కూడా సన్నగా పొర మొదలైందనీ, భయపడక్కర్లేదనీ, ఇంకో రెండేళ్ళ దాకా దాని జోలికి పోనక్కర్లేదనీ చెప్పి పక్కమంచానికి వెళ్ళాడు.

ఆ తరవాత కుడికంటికి కనబడింది బక్తావర్. కాళ్ళదగ్గర నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళూ మసగ్గా చూసిన మొహం అది. ఇప్పుడు చూస్తే గడ్డం చేసుకునేటప్పుడు తెగిన గాటు, కళ్ళకింద నలుపు, చొక్కాకి ఒక గుండీ తక్కువ. ఇంత అలిసిపోయిన మనిషని పోలినాయుడికి తెలియదు.

"కూర్చోండి బాబూ," అన్నాడు.

బక్తావర్ నిలబడే చదివాడు.

"విచారణ సంఘము వారి సిఫారసు మేరకు ప్రభుత్వము వారు నిర్ధారించిన వాస్తవము ఏమనగా, పోలినాయుడు అను తెలుగు నివాసి పరిశీలన దినమున ఉప్పుతిప్పను విడిచి వెళ్ళియుండలేదు. సదరు వ్యక్తి ఆ సమయమున దీపస్తంభము పైఅంతస్తున ఉన్నందున న్యాయమూర్తుల దృష్టికి రాలేదు. కావున ఉప్పుతిప్ప జనాభా ఐదు. ఐదు వర్గములకూ ప్రాతినిధ్యము కలదు. నిష్పత్తి విషయము ప్రత్యేకముగా పరిశీలింపబడును."

"నేను ఇక్కడున్నాను కదా బాబూ."

"లేరు," అన్నాడు బక్తావర్. అని, కాగితం రెండోపేజీ తిప్పాడు. ఈసారి గొంతు కాస్త తగ్గింది. "న్యాయస్థానపు రికార్డు నందు నమోదైన జనాభా ఎట్టి పరిస్థితులలోనూ తగ్గరాదు. కావున భోజ్‌పురీ నివాసిగా నమోదైన శ్రీ జగేశ్వర్ బక్తావర్ ఈ నెల ఇరవై నుండి ఉప్పుతిప్ప యందు స్థిరనివాసము ఉండవలెను. మిగిలిన ముగ్గురు ప్రభుత్వోద్యోగులు కానందున వారిని ఆదేశించు అధికారము ప్రభుత్వమునకు లేదు. శనివారములు వచ్చుచున్నచో చాలును."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సెలవులుంటాయా బాబూ?" అని అడిగాడు పోలినాయుడు.

"నేనే రాశాను కదండీ ఆ జవాబు," అన్నాడు బక్తావర్. చివరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి? మొన్న సరిగ్గా చూడలేదు."

"వాననీళ్ళు. తియ్యగా ఉంటాయి. మొదటివారం సముద్రం హోరుకి నిద్ర పట్టదు. తరవాత అది లేకపోతే నిద్ర పట్టదు. డామినోలు వచ్చునా?"

"రావు."

"ఫరవాలేదు. గాస్టన్‌కి కూడా రావు, ఒప్పుకోడు అంతే."

బక్తావర్ వెళ్ళాక రోజ్‌లీన్ గంజి గిన్నె తెచ్చింది. ఆమె చేతిలో ఒక నకలు కాగితం కూడా ఉంది.

"తాతా, మీరు ఆసుపత్రిలో చేరలేదట. మీ మంచం ఖాళీగా ఉన్నట్టు రాసుకోమని ఆఫీసునుంచి వచ్చింది."

"మరి గంజి?"

"ఖాళీమంచానికి గంజి ఇవ్వకూడదని ఇందులో ఎక్కడా లేదు. తాగండి." ఆమె కాగితం కిందిదాకా చదివింది. "ఇంకోటుంది. మీరు రాలేదు కాబట్టి ఆపరేషను జరగనట్టే లెక్క. మీ పేరు తీసుకెళ్ళి మళ్ళీ వరస చివర పెట్టారు. ఇరవై ఆరు నెలలకి తేదీ పంపిస్తారట. ఆపరేషను అయిపోయిందని నేను ఒక ముక్క రాసి మీ పేరు కొట్టించేస్తాను, ఉండండి."

పోలినాయుడు గంజి గిన్నె పక్కన పెట్టాడు. కుడికంటిని అరచేత్తో మూసుకుని, ఎడమకంటితో కిటికీ వైపు చూశాడు. రేవులో పడవల తెరచాప కొయ్యలు అంచుల దగ్గర కొద్దిగా కరిగినట్టున్నాయి. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"ఉండనీ తల్లీ," అన్నాడు. "అప్పటికి ఇది పండుతుంది."